తలకు మించిన పని

పని దొరకక కష్టపడే మనిషిని చూస్తే మనకు జాలి కలుగుతుంది. పని ఎక్కువై క్రుంగిపోతున్న మనిషిని చూచినప్పుడు మాత్రం మనలో చాలామందికి జాలి కలుగదు. "ఉద్యోగమన్న తరువాత ఆ మాత్రం ఉండదా? మా కాలంలో ఇంతకు నాలుగింతలు చేశాం" అని తేల్చివేస్తాం. ఆ మాట అన్నవారికి దురుద్దేశం ఉండదు. కాని విన్నవాడికి ఉన్న భారంమీద మరొక భారం చేరుతుంది. పని సాగడం లేదన్న బాధకు తోడు, అది తన లోపమేనన్న సిగ్గు మొదలవుతుంది. సిగ్గువలన ఎవరితోనూ చెప్పుకోడు. చెప్పుకోకపోవడం వలన భారం మరింత పెరుగుతుంది. ఆ భారాన్ని గురించి, దానిని దించుకొనే మార్గాలను గురించి, నాకు అనుభవంవలన తెలిసినవీ, చదువువలన తెలిసినవీ కొన్ని సంగతులు ఈ పూట మనవి చేస్తాను.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. శ్రమపడటం వేరు, ఉక్కిరిబిక్కిరి కావడం వేరు. కోతల రోజుల్లో రైతు తెల్లవారకముందే పొలానికి వెళ్లి చీకటిపడిన తరువాత తిరిగి వస్తాడు. పెళ్లివారింట వంటవాడు నిలుచున్న కాలిమీదనే వందలమందికి వంట సిద్ధం చేస్తాడు. వారి ఒళ్లు అలసిపోతుంది; పడుకోగానే నిద్ర పడుతుంది. ఎంత కోసినదీ, ఎంత మిగిలినదీ, ఎన్ని గంగాళాలు దిగినవీ, ఎన్ని పొయ్యిమీద ఉన్నవీ కంటికి కనబడుతూనే ఉంటాయి. బల్ల ముందు ఉక్కిరిబిక్కిరి అవుతున్న ఉద్యోగి స్థితి ఇందుకు భిన్నం. అతడు ఒక కాగితం తీస్తాడు. రెండవది గుర్తుకు వచ్చి మొదటిదానిని ప్రక్కన పెడతాడు. ఇంతలో ఫోను మ్రోగుతుంది. ఆ ఫోనులో చెప్పిన పని మూడవది. సాయంకాలానికి ఏ ఒక్కటీ పూర్తికాదు. ఒళ్లు మాత్రం గుల్ల అవుతుంది. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి, చేయవలసిన పనులన్నీ ఒకదాని వెంట ఒకటి తలుపు తడుతున్నట్లు ఉంటుంది.

ఈ స్థితిని నేనూ ఒకసారి పూర్తిగా అనుభవించాను. కొన్ని సంవత్సరాల క్రిందట నేను పనిచేస్తున్న ఒక రేడియో కేంద్రంలో ఒక సహోద్యోగి బదిలీ అయి వెళ్లారు. మరొకరు అనారోగ్యంవలన దీర్ఘకాలం సెలవు పెట్టారు. వారిద్దరి కార్యక్రమాలూ నా కార్యక్రమానికి తోడైనవి. మొదటి నెల ఉత్సాహంగానే చేశాను. రెండవ నెలలో ఇంటికి ఆలస్యంగా రావడం మొదలయింది. మూడవ నెలకు, ఏ పని ఎంతవరకు వచ్చిందో నాకే తెలియని స్థితి వచ్చింది. ఎవరైనా అడిగితే మాత్రం "అంతా జరుగుతూనే ఉన్నది" అనేవాడిని.

అటువంటి ఒక రోజున, జముకుల కథ చెప్పే వృద్ధ కళాకారుడు ఒకరు తన ఇద్దరు వంతగాళ్లతో కేంద్రానికి వచ్చారు. ఆ రోజున రికార్డింగుకు రమ్మని ఒప్పంద పత్రం పంపినవాడిని నేనే. స్టూడియో కేటాయింపు పుస్తకంలో ఆ తేదీకి ఎదురుగా వారి పేరు వ్రాయడం మరచినవాడినీ నేనే. ఆ పూట స్టూడియోలు రెండూ ఖాళీ లేవు. వారు ఉదయం తొమ్మిది గంటలనుంచి వరండాలో బల్లమీద కూర్చొని ఉన్నారు. మధ్యాహ్నం దాటిన తరువాత నేను బయటికి వచ్చి, కారణం సరిగా చెప్పకుండానే, కొంత చిరాకుగా, ఈనాడు వీలుకాదని చెప్పాను. ఆ పెద్దాయన కోపగించుకోలేదు. జముకు గుడ్డలో చుట్టుకొంటూ, "పని ఎక్కువగా ఉన్నట్టుంది బాబూ తమకు. మళ్లీ వస్తాం లెండి" అన్నారు. ముగ్గురి బస్సు ఖర్చూ, ముగ్గురి ఒకరోజు సంపాదనా పోగొట్టుకొని వెళ్లిపోతున్నవారు నన్ను ఓదార్చి వెళ్లారు. ఆయన నన్ను నాలుగు మాటలు అని ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా నాన్నగారు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ఆ శాఖలోనే పదవీ విరమణ చేసినవారు. నా ముఖం చూచి, "ఏమిట్రా సంగతి?" అని అడిగారు. జరిగినది చెప్పాను. "పని చాలా పేరుకుపోయింది నాన్నగారూ" అన్నాను. "చాలా అంటే ఎన్ని?" అన్నారు. "చాలా ఉన్నాయి" అన్నాను మళ్లీ. "చాలా అన్నది అంకె కాదురా. ఎన్నో చెప్పు" అన్నారు ఆయన. నేను చెప్పలేకపోయాను.

అప్పుడు ఆయన తమ ఉద్యోగపు తొలిరోజుల సంగతి చెప్పారు. పూర్వపు మద్రాసు రాష్ట్రపు జిల్లాలలో, తరువాత ఆంధ్ర ప్రాంతపు కచేరీలలో, కాగితాల నడకకు ఒక పద్ధతి ఉండేది. టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుమీద దానిని టాటెన్‌హామ్ పద్ధతి అనేవారు. కచేరీకి వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు పడుతుంది. ఆ కాగితం ఏ గుమాస్తాకు చేరుతుందో, ఆ గుమాస్తా దానిని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి. ఎప్పుడు వచ్చింది, ఎవరికి వ్రాశాము, జవాబు ఎప్పుడు వచ్చింది, తుదకు ఏమయింది అన్న వివరాలన్నీ ఆ నంబరుకు ఎదురుగా ఉండాలి. కొంతకాలం దాకా మనం చేయవలసినదేమీ లేని కాగితాలను అందులోనుంచి తీసి కాల్‌బుక్కు అనే వేరొక పుస్తకంలోకి మార్చి, గడువు వచ్చినప్పుడు బయటికి తీస్తారు. పై అధికారి అప్పుడప్పుడు ఆ రిజిస్టరు తనిఖీ చేస్తాడు. "ఆ తనిఖీ అంటే మాకు హడలే. కాని ఆ పుస్తకం ఉన్నందువల్లనే రాత్రి నిద్రపోయేవాళ్లం. కాగితాన్ని పుస్తకం జ్ఞాపకం పెట్టుకొనేది, మేము పెట్టుకోనక్కరలేదు" అన్నారు మా నాన్నగారు.

ఆ రాత్రే ఒక నోటుపుస్తకం తీసి, నామీద ఉన్న పనులన్నీ ఒక్కొక్కటిగా వ్రాశాను. ముందు వెనుకలు చూడలేదు. చిన్నదనీ పెద్దదనీ ఎంచలేదు. వ్రాయడానికి గంట పట్టింది. లెక్కపెడితే ముప్ఫయి ఏడు. నిజం చెప్పాలంటే వందకు తక్కువ ఉండవనుకొన్నాను. మళ్లీ చదువుకొంటూ పోతే ఆ ముప్ఫయి ఏడూ ఒక జాతివి కావని తెలిసింది. పదకొండు పనులు ఇతరుల జవాబుకోసం ఆగి ఉన్నవి. ఆ జవాబు వచ్చేదాకా నేను చేయగలిగినది లేదు. అవి మా నాన్నగారి కాల్‌బుక్కులోనికి వెళ్లవలసినవి. ఎనిమిది పనులు ఎవరూ అడగనివి. మంచివేనని నేనే భుజాన వేసుకొన్నవి. పన్నెండు ఒక్కొక్కటి పావుగంటలో ముగిసేవి. ఒక ఉత్తరం, ఒక సంతకం, ఒక ఫోను, ఇటువంటివి. మిగిలిన ఆరు మాత్రమే కూర్చొని ఆలోచించి చేయవలసిన అసలు పనులు. ఆ ఆరింటిలోనూ ఆ వారానికి గడువున్నవి రెండు. పని తగ్గలేదు, ఒక్క పనీ ఆ రాత్రి పూర్తికాలేదు. అయినా చాలా దినాల తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇది ఎందువల్ల జరిగిందో తరువాత కొంత చదివి తెలుసుకొన్నాను. మనిషి మనస్సు ఒక్కసారిగా పట్టి ఉంచగలిగిన విషయాలు బహు కొద్ది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ 1956లో ఆ సంఖ్యను ఏడుకు అటూ ఇటూగా చెప్పాడు. 2001లో నెల్సన్ కోవన్ పూర్వ పరిశోధనలన్నీ పరిశీలించి, నిజానికి అది నాలుగు దరిదాపులలోనే ఉంటుందన్నాడు. నాలుగు పట్టే చేతిలో ముప్ఫయి ఏడు పెట్టుకొంటే ఏదో ఒకటి జారిపడక తప్పదు. ఆ రోజు నా చేతిలోనుంచి జారిపడినది ఆ కళాకారుడి స్టూడియో.

ఇంకొక సంగతి. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు, పూర్తిచేసిన పనులకంటె మధ్యలో ఆగిన పనులే మనస్సులో ఎక్కువగా నిలుస్తాయని ప్రయోగపూర్వకంగా చెప్పింది. తరువాత ఆ ప్రయోగాలు చేసినవారందరికీ అదే ఫలితం రాలేదు. అయినా సగంలో విడిచిన పని రాత్రిపూట వచ్చి బాధించడం మనలో ఎవరికీ తెలియనిది కాదు. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరొక విశేషం ప్రకటించారు. పని పూర్తికాకపోయినా సరే, దానిని ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా చేయబోతున్నదీ నిర్దిష్టంగా నిర్ణయించుకొంటే, ఆ పని మనస్సులో అడ్డుపడటం తగ్గిపోతుందట. "శాఖా గ్రంథాలయపు ఉత్తరం సంగతి చూడాలి" అని వ్రాసుకొంటే చాలదు. "బుధవారం ఉదయం పదిగంటలకు గ్రంథాలయానికి ఉత్తరం వ్రాయాలి" అని వ్రాసుకోవాలి. మొదటిది బెంగ, రెండవది ఏర్పాటు.

పనుల పట్టిక చేతికి వచ్చిన తరువాత, దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ఆలస్యం అమృతం విషం అన్నవారు మనవారే. నిదానమే ప్రధానం అన్నవారూ మనవారే. రెండూ నిజమే, కాని రెండూ ఒకే పనికి వర్తించవు. పావుగంటలో ముగిసే పన్నెండు పనులకు మొదటి సామెత వర్తిస్తుంది. వాటిని రోజంతా చల్లుకోకుండా, ఒక గంట కేటాయించి నాలుగింటిని వరుసగా ముగించాలి. ఆలోచించి చేయవలసిన ఆరు పనులకు రెండవ సామెత వర్తిస్తుంది. వాటికి ఉదయంపూట, మనస్సు తేటగా ఉన్న సమయంలో, కనీసం గంటసేపు ఎవరూ కదిలించని వ్యవధి కావాలి. ఒక పని విడిచి మరొక పనికి పోయినప్పుడు మనస్సు వెంటనే రాదు. దానిలో కొంత భాగం మొదటి పనివద్దనే మిగిలిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో నిరూపించింది. ప్రతి అయిదు నిమిషాలకూ సెల్‌ఫోను తీసి వాట్సాప్ చూచేవాడి మనస్సు పది చోట్ల తునకలై పడి ఉంటుంది. ఆ గంటసేపు ఫోనును సొరుగులో పెట్టడం పెద్ద తపస్సు ఏమీ కాదు. మా స్టూడియోలో ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ ఎవరూ తలుపు తీయరు. రోజుకు ఒక గంట తన బల్లదగ్గర కూడా అటువంటి దీపం ఒకటి వెలుగుతున్నదని ప్రతివారూ అనుకోవచ్చును.

విశ్రాంతి సంగతి కూడా చెప్పాలి. పని పేరుకొన్నప్పుడు మనం ముందుగా కోసివేసేది నిద్రనూ, భోజనాన్నీ. బల్లముందే రెండు ముద్దలు మింగి మళ్లీ కాగితం పట్టుకొంటాం. హాన్స్ సెల్యే అనే వైద్యశాస్త్రజ్ఞుడు 1936లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, శరీరానికి కలిగే ఒత్తిడి ఏ రకానిదైనా, శరీరం మొదట ఉలిక్కిపడుతుంది, తరువాత ఎదిరించి నిలుస్తుంది, ఒత్తిడి ఎడతెగక సాగితే చివరకు శక్తి ఉడిగిపోతుంది. మనం రెండవ దశలో ఉన్నప్పుడు, "నాకేం, తట్టుకొంటున్నాను" అనుకొంటాం. విరామం అవసరమన్న సంగతి చట్టాలు చేసేవారికి కూడా తెలిసినదే. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం, కార్మికుడిచేత అయిదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించరాదనీ, మధ్య కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ నిర్దేశించింది. మరమగ్గం దగ్గర నిలుచున్నవాడికి అవసరమైన ఆ అరగంట, మెదడుతో పనిచేసేవాడికి అక్కరలేదనడం న్యాయం కాదు.

ఇంతవరకు చెప్పినది ఉద్యోగి తనకు తాను చేసుకొనగలిగిన సహాయం. భారమంతా అతని అలవాట్లవల్లనే వచ్చిందని చెప్పి నేను తప్పించుకోరాదు. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ఒక సత్యం స్పష్టపరచాడు. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని క్రుంగదీయదు. పని ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎట్లా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ మాత్రం లేనప్పుడు మనిషి ఎక్కువగా క్రుంగుతాడు. ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగులపై 1967లో ప్రారంభమైన ఆరోగ్య పరిశీలన మనం ఊహించే దానికి విరుద్ధమైన ఫలితం చూపింది. గుండెజబ్బుతో చనిపోవడం పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులలోకంటె, క్రింది శ్రేణి ఉద్యోగులలోనే ఎక్కువ. అందుకు కారణాలు అనేకం. అయితే తన పనిమీద తనకు అధికారం లేకపోవడం వాటిలో ఒకటని మైకేల్ మార్మాట్, ఆయన సహచరులు తరువాతి పరిశీలనలలో కనుగొన్నారు. కాబట్టి ఈ ప్రసంగం వింటున్న అధికారులకు నా మనవి ఒకటి. మీ క్రింద పనిచేసే వ్యక్తికి కొత్త పని అప్పగించేటప్పుడు, "దీనికోసం దేనిని ఆపమంటారు?" అని అతడు అడిగే అవకాశం ఇవ్వండి. ఏ పని ముందో అతనినే నిర్ణయించుకోనివ్వండి. రాత్రి పదిగంటలకు పంపే సందేశానికి జవాబు ఉదయం వచ్చినా చాలునని ఒక్కమాట చెప్పండి. వీటికి ప్రత్యేకంగా బడ్జెటు మంజూరు అవసరం లేదు.

ఉద్యోగి కూడా అడగడం నేర్చుకోవాలి. ముగ్గురి పని ఒకరిమీద పడినప్పుడు ఏ పట్టికా దానిని ఒకరి పనిగా మార్చలేదు. ఆ సంగతి పై అధికారికి చెప్పక తప్పదు. అయితే చెప్పే తీరు ఒకటున్నది. "నావల్ల కావడం లేదండీ" అంటే అది నిట్టూర్పు. వినేవారు ఏం చేయాలో వారికి తెలియదు. పట్టిక తీసుకొని వెళ్లి, "ఇవి ఆరు పనులు. ఈ నెలలో నేను నాలుగు చక్కగా చేయగలను. ఏ నాలుగో తమరు చెప్పండి" అంటే అది లెక్క. లెక్కకు జవాబు చెప్పవలసి వస్తుంది. నేను మరునాడు అట్లాగే వెళ్లాను. మా అధికారి పట్టికను రెండుసార్లు చదివి, "ఇన్ని ఉన్నాయని నాతో ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. అంతా జరుగుతూనే ఉన్నదని మూడు నెలలు చెప్పినవాడిని నేనే గదా! ఆయన ఒక కార్యక్రమాన్ని మరొకరికి అప్పగించారు. మరొకదానిని వారానికి రెండుసార్లనుంచి ఒక్కసారికి తగ్గించారు. ప్రతివారికీ అటువంటి అధికారి దొరుకుతారని నేను అనను. దొరకనప్పుడు, సహోద్యోగులు నలుగురూ కలిసి చెప్పడం ఒక మార్గం. ఎనిమిది గంటల పనిదినం 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడికలోనికి ఎక్కినది ఒక్కడు ఒంటరిగా నిట్టూర్చినందువల్ల కాదు.

పనిభారం అనగానే మన దృష్టి కార్యాలయంమీదికే పోతుంది. ఈ రేడియో వింటున్న ఇళ్లలో, ఇప్పుడే కార్యాలయంనుంచి వచ్చి, కాళ్లు కడుగుకొని తిన్నగా వంటింట్లోకి వెళ్లిన స్త్రీలు ఎందరో ఉంటారు. మన దేశంలో 2019లో ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నట్లు తేలింది. స్త్రీకి సుమారు అయిదు గంటలు. ఉద్యోగంనుంచి వచ్చిన ఇల్లాలు విసుగుకొంటే, ఆమె స్వభావం మారిపోయిందని అనుకొనే ముందు, ఇంట్లోని పనులుకూడా ఒక కాగితంమీద వ్రాసి, వాటికి ఎదురుగా పేర్లు వ్రాసి చూడండి. ఒక పేరే పదేపదే కనబడితే, ఏం చేయవలసినదీ ఆ కాగితమే చెబుతుంది. మా ఇంట్లో ఆ పరీక్ష చేసిన తరువాత, పిల్లల బడి డబ్బాలు, నీళ్ల కాగు, పాలవాడి లెక్క నా వంతుకు వచ్చినవి. మా నాన్నగారు కూరలు తరుగుతానన్నారు.

చివరిగా ఒక హెచ్చరిక. కొందరిలో ఈ భారం పట్టికలకూ సెలవులకూ లొంగని స్థితికి చేరుతుంది. ఉద్యోగపు ఒత్తిడి ఎడతెగక సాగి మనిషి శక్తి అడుగంటడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో చేర్చింది. దానిని వ్యాధిగా కాక, ఉద్యోగ సంబంధమైన స్థితిగా పేర్కొన్నది. కాని ఆ స్థితి వెనుక వ్యాధి పొంచి ఉండవచ్చును. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఊరకే కన్నీళ్లు వస్తున్నా, బ్రతుకుమీద విరక్తి మాటలు నోటికి వస్తున్నా, ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. జ్వరానికి వైద్యుని చూడటంలో లేని సిగ్గు ఇందులో మాత్రం ఎందుకు? 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రిగాని పగలుగాని ఫోను చేసి, డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ అంకెలను గోడమీది క్యాలెండరు ప్రక్కన వ్రాసి పెట్టుకోండి. మీకు అవసరం కాకపోవచ్చు. మీ ఇంటికి వచ్చిన మరొకరికి కావచ్చును.

జముకుల కథ చెప్పే ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. నా పట్టికలోని పావుగంట పనులలో మొట్టమొదట చేసినది ఆయనకు ఉత్తరం వ్రాయడం. తప్పు నాదేనని వ్రాశాను. కొత్త తేదీ వ్రాశాను. ఉత్తరం మడవకముందే స్టూడియో పుస్తకంలో ఆ తేదీకి ఎదురుగా ఆయన పేరు ఎక్కించాను. మరుసటి నెలలో ముగ్గురూ వచ్చారు. రికార్డింగు చక్కగా జరిగింది. వెళ్లబోతూ ఆయన నావైపు చూచి, "ఇయ్యాల తమకు పని తక్కువున్నట్టుంది బాబూ" అన్నారు. నిజానికి ఆ రోజున నా పుస్తకంలో నలభై రెండు పనులున్నవి. ఆ మాట ఆయనతో చెప్పలేదు. ద్వారందాకా వెళ్లి, బస్సు ఎన్ని గంటలకో కనుక్కొని, సాగనంపి వచ్చాను.